కొత్త సంచులు వేసినా వ్యాక్యూమ్ లారీ లాగడం లేదు: లోపం ఎక్కడ వెతకాలి?

ఖని_సక్షన్, గోదావరిఖని

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక గుత్తేదారు దగ్గర పొడి వ్యాక్యూమ్ లారీ పని చూసుకునే సూపర్‌వైజరును. మా బండి విద్యుత్ కేంద్రంలో బూడిద హాపర్ల (గరాటు ఆకారపు తొట్ల) కింద రాలిన బూడిదను, కన్వేయర్ల కింద పేరుకున్న బొగ్గు పొడిని, అప్పుడప్పుడు సిమెంటు సైలో అడుగున మిగిలిన పొడిని లాగుతుంది.

మూడు వారాలుగా గొట్టం మూతి దగ్గర లాగే బలం బాగా తగ్గిపోయింది. వింత ఏమిటంటే, గాలిని లాగే బ్లోయర్ ముందున్న వ్యాక్యూమ్ గేజు మాత్రం తగ్గలేదు. ఇదివరకు అదే గొట్టంతో అదే బూడిద లాగుతున్నప్పుడు 9 అంగుళాల పాదరసం దగ్గర నిలిచే ముల్లు ఇప్పుడు 12 చూపిస్తోంది. ‘ముల్లు ఇంకా పైకే ఎక్కింది కదా సార్, బండిది తప్పేం లేదు’ అని మా డ్రైవరు వాదిస్తున్నాడు. దుమ్మును వడగట్టే సంచులు మూసుకుపోయాయని భావించి మొత్తం సెట్టు మార్పించాము. రెండు రోజులు బండి చక్కగా లాగింది, మూడో రోజు మళ్లీ పాత కథే. ఓనరు గారు ఇంకో సెట్టు కొనడానికి సిద్ధంగా లేరు, ఆయనను తప్పుపట్టలేను. లోపల గాలి ఏ దారిన పోతుందో, ఎక్కడ ఏది ఆగుతుందో తెలిసినవారు మొదటి నుంచి చెబితే మేలు చేసినవారవుతారు.

మంచిర్యాల_చక్రాలు, మంచిర్యాల

అన్నా, మాకూ వానాకాలంలో ఇలాగే అయింది. మీరు కొన్న సంచులు నాసిరకమైనవి అయి ఉంటాయి. పైన పొర ఉన్న సంచులు, అంటే నూనె అంటని పెనానికి వేసే పూత లాంటి పదార్థంతో పలుచని పొర అతికించినవి తీసుకోండి. ధర ఎక్కువే కానీ బూడిద వాటికి పట్టుకోదు.

పాత_బ్లోయర్, హన్మకొండ

సంచుల నాణ్యత గురించి తరువాత మాట్లాడుకుందాం. ముందు డ్రైవరు గారి మాట తేల్చాలి, ఎందుకంటే ఈ రంగంలో సగం డబ్బు ఆ ఒక్క అపోహ వల్లే వృథా అవుతుంది.

కొబ్బరిబోండాంలో స్ట్రా వేసి పీలుస్తున్నప్పుడు లేత కొబ్బరి ముక్క అడ్డం పడితే ఏమవుతుంది? బుగ్గలు లోపలికి పీక్కుపోతాయి, నీళ్లు మాత్రం రావు. మీ బండిలో ఉన్నది రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగే రూట్స్ బ్లోయర్ అయి ఉంటుంది. అమెరికాలోని కానర్స్‌విల్‌లో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన ఆ నమూనానే ఇప్పటికీ మన బళ్లలో తిరుగుతోంది. అది ఒక చుట్టు తిరిగితే ఒకే పరిమాణంలో గాలిని అవతలికి నెడుతుంది. దారిలో అడ్డు పెరిగితే దాని ముందున్న గాలి పలుచబడుతుంది, గేజు ఎక్కుతుంది, గొట్టంలోకి వచ్చే గాలి మాత్రం తగ్గిపోతుంది. కాబట్టి ముల్లు పైకి ఎక్కడం బలానికి గుర్తు కాదు, బ్లోయర్‌కూ గొట్టానికీ మధ్య ఎక్కడో గొంతు పట్టుకున్నారనడానికి గుర్తు.

ఇక గాలి దారి. గొట్టంలో బూడిదను మోసుకురావాలంటే గాలి సెకనుకు 20 మీటర్లకు పైగానే పరుగెత్తాలి. మీ గొట్టం 200 మిల్లీమీటర్లదనీ, మొదటి గది అయిన ట్యాంకు వ్యాసం 1.8 మీటర్లనీ అనుకుందాం. వ్యాసం 9 రెట్లు పెరిగితే వైశాల్యం 81 రెట్లు పెరుగుతుంది, కాబట్టి గొట్టంలో సెకనుకు 30 మీటర్లతో వచ్చిన గాలి ట్యాంకు నిండా పరుచుకుంటే 0.4 మీటరు కూడా నడవదు. వరద నీరు ఎల్లంపల్లి జలాశయంలోకి చేరి నెమ్మదించగానే మేట వేసినట్టే, గాలి నెమ్మదించిన చోట బరువైన పలుకులన్నీ కింద పడిపోతాయి. నిజానికి గాలి అంత బుద్ధిగా పరుచుకోదు, ఈటెలా దూసుకుపోతుంది. అందుకే లోపల మూతికి ఎదురుగా ఒక అడ్డు పలక పెడతారు. ఇది ఖర్చు లేని ఫిల్టరు, అందుకే దీనిని ఎవరూ పట్టించుకోరు. ట్యాంకు నిండేకొద్దీ పైన మిగిలిన ఖాళీ ఇరుకై గాలి మళ్లీ వేగం పుంజుకుంటుంది, కింద పడిన బూడిదనే లేపి తరువాతి గదిలోకి తోస్తుంది. ‘ఇంకో టన్ను పడుతుంది’ అని నింపే ప్రతిసారీ ఆ భారం సంచుల మీద పడుతుంది.

రెండో గది సైక్లోన్. గాలిని గుండ్రంగా తిప్పితే బరువైన కణాలు గోడకు కొట్టుకుని జారి అడుగు హాపర్‌లోకి చేరతాయి, గాలి నడుమ నుంచి పైకి పోతుంది. 10 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్దవాటిలో ఎక్కువ భాగాన్ని ఇది పడుతుంది, అంతకంటే సన్నటి బూడిద చాలా వరకు దీనిని దాటిపోతుంది. దీని అడుగున ఉండే రబ్బరు మూత బిగుతుగా లేకపోతే బయటి గాలి కింది నుంచి దూరి, దిగిన దుమ్మునంతా తిరిగి పైకి లేపుతుంది.

మూడోది సంచుల గది. నిలువు తీగ పంజరాలకు తొడిగిన సంచుల బయటి వైపు దుమ్ము ఆగుతుంది, గాలి లోపలికి దూరి పైకి వెళుతుంది. సంచులన్నీ వేలాడే రంధ్రాల పలకను ట్యూబ్ షీట్ అంటారు. దానికి కింద మురికి లోకం, పైన శుభ్ర లోకం. నిర్ణీత వ్యవధికి ఒక్కో వరుసలోకి 5 లేదా 6 బార్ల ఒత్తిడిగల గాలిని సెకనులో పదో వంతు సేపు కొడితే సంచి ఒక్కసారి ఉబ్బి, బయట పట్టిన పొర పెళ్లలుగా విరిగి పడుతుంది.

నాలుగోది చివరి కాట్రిడ్జ్, అంటే మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరు. సంచి ఎక్కడైనా చిరిగితే బ్లోయర్‌ను కాపాడేది ఇదొక్కటే. రోటర్ల మధ్య సందు మిల్లీమీటరులో కొద్ది వంతులే ఉంటుంది, అందులోకి బూడిద పోతే ఆకురాయి పెట్టినట్టే.

ఖని_సక్షన్ గారూ, మీ బండిలో ట్యూబ్ షీట్‌కు పైన, కింద ఒత్తిడి తేడా చూపే చిన్న గేజు ఉండాలి. అది ఎంత చూపిస్తోంది? సంచులను దులిపే గాలినిచ్చే కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు ఎప్పుడు వదిలారు? చివరి కాట్రిడ్జ్‌ను ఎప్పుడు తెరిచారు?

ఇంజినీరింగ్_మూడో_ఏడు, కాజీపేట

సర్, చర్చకు అడ్డం వస్తున్నందుకు క్షమించండి. సంచి బట్ట కన్నాలు బూడిద రేణువుల కంటే పెద్దవిగా ఉంటాయని చదివాను. మరి జల్లెడ కన్నం కంటే పిండి సన్నగా ఉంటే జారిపోవాలి కదా, ఆగుతుంది ఎలా?

ధూళి_కొలత, కరీంనగర్

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. సంచి జల్లెడ కాదు. కొత్త సంచి మొదటి కొద్దిసేపు సన్నటి దుమ్మును వదిలేస్తుంది కూడా. తరువాత దాని మీద ఒక పలుచని బూడిద పొర కడుతుంది, అసలు వడపోత చేసేది ఆ పొరే. బట్ట ఆ పొరను మోసే గోడ మాత్రమే. అందుకే సంచిని అతిగా దులపడం కూడా తప్పే. పొర మొత్తం రాలిపోతే సన్నటి రేణువులు బట్ట లోపలి పోగుల్లోకి దిగి కూర్చుంటాయి, అక్కడి నుంచి ఎంత గాలి కొట్టినా రావు. పైపొర ఉన్న సంచుల్లో ఆ పని అతికించిన పొరే చేస్తుంది కాబట్టి మంచిర్యాల అన్న మాటలో నిజం ఉంది, కానీ ఇక్కడి రోగానికి అదే మందు అని ఇంకా తేలలేదు.

పోగుల మధ్య రేణువు చిక్కే తీరు వేరువేరుగా ఉంటుంది. బరువైన రేణువు గాలి మలుపు తిరిగినా తాను తిరగలేక పోగుకు కొట్టుకుంటుంది. మధ్య రకం రేణువు పోగు పక్కగా పోతూ రాసుకుని అంటుకుంటుంది. మరీ సన్నటిదేమో గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ ఎక్కడో ఒకచోట తగులుతుంది. అంత బరువూ కాక, అంత తేలికా కాక 0.3 మైక్రాను దగ్గర ఉండేవే అన్నిటికంటే సులువుగా తప్పించుకుంటాయి. అతి సన్నటి దుమ్మును పట్టే హెపా ఫిల్టరు 0.3 మైక్రాను రేణువులలో 99.97 శాతం పట్టాలని అమెరికా ప్రమాణం పెట్టింది అందుకే. మనం తరచూ అనుకునే దానికి ఇది తలకిందులు: అంతకంటే సన్నటివి పట్టుకోవడం తేలిక.

ఖని_సక్షన్, గోదావరిఖని

పాత_బ్లోయర్ గారికి ధన్యవాదాలు. ఈ రోజు పని ఆపి అన్నీ చూశాము. సంచుల గేజు 9 అంగుళాల నీటిమట్టం చూపిస్తోంది. బండి కొత్తలో 4 దగ్గర ఉండేదని పాత లాగ్ పుస్తకంలో రాసి ఉంది. గాలి కొట్టినప్పుడు 9 నుంచి 7కు దిగి మళ్లీ ఎక్కుతోంది. కంప్రెసర్ ట్యాంకు కింది కుళాయి తిప్పితే దాదాపు ఒక బిందెడు నీళ్లు, తెల్లటి నూనె నురగతో సహా వచ్చాయి. ఎన్నాళ్లుగా వదల్లేదో అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చివరి కాట్రిడ్జ్ ఇప్పుడు తెరవలేదు. కానీ సంచులు మార్చిన రోజున ఫిట్టరు దానిని కూడా బయటికి తీసి గాలి కొట్టి దులిపి పెట్టాడట. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

మంచిర్యాల_చక్రాలు, మంచిర్యాల

తడి గాలి సంచుల్లోకి పోయింది, బూడిద బురదై అతుక్కుంది. 9 అంగుళాలకు కారణం దొరికింది. ఇక చర్చ ముగిసినట్టే.

ధూళి_కొలత, కరీంనగర్

ముగియలేదు. దయచేసి లెక్క చూడండి.

ఒక అంగుళం పాదరసం 13.6 అంగుళాల నీటికి సమానం. బ్లోయర్ గేజు 9 నుంచి 12కు, అంటే 3 అంగుళాల పాదరసం పెరిగింది. నీటిలో అది సుమారు 41 అంగుళాలు. సంచుల గేజు పెరిగింది 4 నుంచి 9కి, అంటే 5 అంగుళాలు మాత్రమే. పోయిన 41 రూపాయల్లో 5 రూపాయలకే సంచులు లెక్క చెప్పాయి, మిగిలిన 36 ఎవరి జేబులో ఉన్నాయి? పైగా గాలి ప్రవాహం తగ్గితే గొట్టంలో, సైక్లోన్‌లో జరిగే నష్టం కూడా తగ్గాలి కాబట్టి అసలు లోటు 36 కంటే ఎక్కువే. గొట్టంలో ఎక్కడైనా గడ్డకట్టిందా అని కూడా చూడాలి, కానీ సంచులు మార్చిన రోజున గొట్టాన్ని ముట్టుకున్నట్టు మీరు చెప్పలేదు, కాట్రిడ్జ్‌ను మాత్రం దులిపారు. రెండు రోజులు బండి బాగా లాగింది కొత్త సంచుల వల్ల కాదు, దులిపిన కాట్రిడ్జ్ వల్ల అని నా అనుమానం.

పాత_బ్లోయర్, హన్మకొండ

నేను చెప్పబోయిన మాట మీరు లెక్కతో చెప్పారు. ఒక సంగతి కలుపుతాను. కాట్రిడ్జ్‌కు దులిపే ఏర్పాటు ఉండదు, ఎందుకంటే మామూలుగా అక్కడికి దుమ్ము రాకూడదు. అది రెండు మూడు రోజుల్లో మూసుకుపోతోందంటే శుభ్ర లోకంలోకి బూడిద దొంగదారిన వస్తోందన్నమాట. కొత్త సంచులు వేశాక కూడా వస్తోందంటే చిరుగు సంచులలో ఉండకపోవచ్చు. ట్యూబ్ షీట్ పైమూత తెరిచి, దేనినీ తుడవకుండా ముందు టార్చిలైటు వేసి చూడండి. తుడిచారంటే సాక్ష్యం పోయినట్టే. సంచి మెడ పట్టీ సరిగ్గా కూర్చోని చోట, పలక వంగిన చోట, వెల్డింగు విడిన చోట బూడిద విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంటుంది. కంటికి కనబడకపోతే చీకట్లో నీలలోహిత దీపానికి మెరిసే పొడి దొరుకుతుంది, దానిని గొట్టం ద్వారా లాగించి పైన ఎక్కడ మెరుస్తోందో చూడవచ్చు.

ఇంకో మాట. కాట్రిడ్జ్‌ను కంప్రెసర్ గాలితో దగ్గరగా కొడితే దాని కాగితం చిల్లులు పడుతుంది. అలా దులిపిన దానిని మళ్లీ నమ్మకండి, కొత్తది వేయండి. సంచుల సెట్టు ఖర్చుతో పోలిస్తే అది చిన్నదే, బ్లోయర్ ఖర్చుతో పోలిస్తే లెక్కలోకే రాదు.

వరంగల్_గల్లీ, వరంగల్

నా సందేహం కొంచెం పక్కదే. మా కాలనీకి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయడానికి వచ్చే లారీలో కూడా ఇన్ని సంచులు ఉంటాయా?

పాత_బ్లోయర్, హన్మకొండ

ఉండవండీ. తడి సరుకుకు సంచి పెడితే పది నిమిషాల్లో అట్టలా అవుతుంది. ఆ బళ్లలో దుమ్మును కాకుండా నీటిని ఆపాలి. ట్యాంకు నిండగానే ఒక తేలే బంతి పైకి లేచి గాలి దారిని మూసేస్తుంది, దానిని దాటి వచ్చిన తుంపరలను పట్టడానికి పంపు ముందు ఇంకో చిన్న డబ్బా, అందులో రెండో బంతి ఉంటాయి. పంపు పలకల రకమైతే దాని పొగగొట్టంలో నూనె తుంపరలను పట్టే డబ్బా కూడా ఉంటుంది. తడి, పొడి రెండూ లాగే బళ్లలో తడి పనికి ముందు సంచుల గదిని దారి నుంచి తప్పించాలి. అది మరిచిపోయిన డ్రైవర్ల కథలు నా దగ్గర చాలా ఉన్నాయి, ఇక్కడ వద్దు.

ఖని_సక్షన్, గోదావరిఖని

దొరికింది. పైమూత తెరవగానే ఎడమ మూలన తెల్లటి బూడిద మీరు చెప్పినట్టే విసనకర్రలా పరుచుకుని ఉంది. ట్యూబ్ షీట్ గోడకు అతికిన చోట వెల్డింగు జానెడు పొడవున విడిపోయింది. బండి గతుకుల్లో ఊగిన ఊపుకు విడిందేమో. సంచులన్నీ బాగానే కూర్చున్నాయి. కాట్రిడ్జ్ మడతలు కనబడనంతగా బూడిదతో నిండిపోయాయి. రేపు పొద్దున్నే వెల్డరును పిలిపించి పగులు అతికిస్తాము.

భద్రత_ముందు, రామగుండం

ఆగండి. రేపు పొద్దున్నే అన్నారు కాబట్టి ఈ రాత్రే రాస్తున్నాను. మీ బండి బొగ్గు పొడి కూడా లాగుతుందని మొదటి టపాలోనే ఉంది. సంచుల గదిలో బొగ్గు పొడి మిగిలి ఉండగా వెల్డింగు రవ్వ పడితే అది మంటతో ఆగకపోవచ్చు. గాలిలో లేచిన బొగ్గు పొడి పేలుతుంది. సంచులన్నీ తీసేయండి, గదిని, హాపర్లను, పలక అంచులను నీళ్లతో కడిగించి ఆరనివ్వండి. అది ఇరుకు గది కాబట్టి లోపలికి వెళ్లే మనిషికి ముందు గాలి పరీక్ష చేయించండి, బయట ఒక మనిషిని కాపలా ఉంచండి, ఊపిరి ముసుగు లేకుండా ఎవరినీ లోపలికి పంపకండి. బూడిదలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు.

మళ్లీ సంచులు వేసేటప్పుడు ఇంకో రెండు విషయాలు చూడండి. బొగ్గు పొడికి వాడే సంచుల్లో విద్యుత్తును మోసే పోగులు కలిపి నేయించినవి ఉండాలి, పంజరం నుంచి బండి చట్రం దాకా ఆ విద్యుత్తుకు దారి ఉండాలి, పని చేసేటప్పుడు బండికి ఎర్తింగు తీగ బిగించాలి. ఎండు పొడి గొట్టంలో రాసుకుంటూ పోతే పుట్టే విద్యుత్తు చిన్నది కాదు. రెండోది వేడి. పాలియెస్టర్ సంచి సుమారు 130 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. విద్యుత్ కేంద్రపు హాపర్ నుంచి అప్పుడే రాలిన బూడిద దానికి దగ్గరగానే ఉండవచ్చు, లోపల కణకణలాడే రేణువు ఒక్కటి వచ్చినా సంచికి చిల్లు ఖాయం. వేడి బూడిద తప్పనిసరైతే 200 డిగ్రీల వరకు ఓర్చే అరమిడ్ సంచులు వేయండి, లేదా బూడిద చల్లారే దాకా ఆగండి. ఆగడానికి ఖర్చు లేదు. బొగ్గు లాగిన ట్యాంకు ఖాళీ చేయకుండా దాని మీదే వేడి బూడిద లాగడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఖని_సక్షన్, గోదావరిఖని

నిజానికి మేము పైన ఒక తడిగుడ్డ కప్పి వెల్డింగు చేయించాలనుకున్నాము. మీ టపా చూశాక పని రెండు రోజులు వాయిదా వేశాము. ఓనరు గారితో మాట పడ్డాను, పరవాలేదు.

ధూళి_కొలత, కరీంనగర్

ఈ రెండు రోజుల్లో ఒక చిన్న పని చేయించండి. కాట్రిడ్జ్‌కు ముందు, వెనక ఒక్కో సన్నటి గొట్టం పెట్టి ఇంకో తేడా గేజు బిగించండి. అది ఉంటే ఇంత వెతుకులాట అవసరం లేకపోయేది. అలాగే సంచులను దులపడం గురించి ఒక మాట. బ్లోయర్ పూర్తి వేగంతో లాగుతున్నప్పుడు విరిగిపడిన బూడిద పెళ్ల కింద పడేలోపే పైకి వచ్చే గాలికి మళ్లీ పక్క సంచికి అతుక్కుంటుంది. అరగంటకోసారి లాగడం ఆపి, గాలి దారి మూసి, రెండు మూడు నిమిషాలు ఉత్తగా దులిపించండి. డ్రైవరు గారు టీ తాగే సమయమే దానికీ సరిపోతుంది.

ఖని_సక్షన్, గోదావరిఖని

ఆలస్యంగా రాస్తున్నాను, పని ఒత్తిడి. గదిని కడిగి, ఆరబెట్టి, గాలి పరీక్ష చేయించాకే పగులు అతికించాము, దాని మీద ఒక పట్టీ కూడా వేయించాము. తడిసిన సంచులను పారేయకుండా ఎండలో ఆరబెట్టి తిరిగి వేశాము. మూడు సంచులు గట్టిపడి పనికిరాలేదు, వాటి బదులు కొత్తవి కొన్నాము. కాట్రిడ్జ్ కొత్తది.

ఆరు రోజుల పని తరువాత అంకెలు ఇవి: బ్లోయర్ గేజు 9, సంచుల గేజు దులిపిన తరువాత 4.5, కాట్రిడ్జ్‌కు కొత్తగా బిగించిన గేజులో ముల్లు మొదటి రోజు ఎక్కడ ఉందో అక్కడే ఉంది. కంప్రెసర్ ట్యాంకు కుళాయిని పొద్దున ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి తిప్పుతున్నారు. మూడు గేజుల అంకెలు రాయడానికి లాగ్ పుస్తకంలో కొత్త గడులు గీయించాను. మొదటి రెండు రోజులు నేనే రాశాను, ఇప్పుడు డ్రైవరే రాస్తున్నాడు. నిన్న సిమెంటు సైలో దగ్గర ముల్లు 10 దాటగానే తనంతట తాను బండి ఆపి, గొట్టం మలుపులో ఇరుక్కున్న గోనె సంచి ముక్కను బయటికి లాగి నాకు ఫోటో పంపాడు.